తాత పంబ, చిన్నాయన పెట్టె

ఆడి నెల వచ్చిందంటే మా పూండి చుట్టుపక్కల ఊళ్ళల్లో అమ్మవారికి అంబలి పోస్తారు. పగలంతా పంబ మోత, రాత్రికి పాట కచేరి. కచేరి మేళాన్ని మావైపు అందరూ ‘ఆర్కెస్ట్రా’ అంటారు. స్టేజీ మీద పాడేవాళ్ళు నలుగురు, కీబోర్డు ఒకటి, గిటారు ఒకటి, ఓ మూలన నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. ఆ పెట్టె మీద రబ్బరు పలకలుంటాయి. ఒక పలక మీద పుల్లతో ఒక్క దెబ్బ కొడితే చాలు, పది మంది కలిసి డప్పు కొట్టినట్టు మోగుతుంది. ఆపే వరకూ అదే దరువు తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. ఆ పెట్టెని వాయించేది మా చిన్నాయన. పగలు పంబ వాయించేది మా తాత.

ఒకే ఇంట్లో ఉన్న ఈ రెండు వాద్యాల మధ్య జరిగిన తగవు వల్లనే నేను ఈ వ్యాసం రాయాలనుకున్నాను. మన పత్రికలో రాజుల చరిత్ర, గుళ్ళ చరిత్ర చాలా మంది రాశారు. ఒక పెట్టెకి కూడా చరిత్ర ఉంటుందని నేను చెప్పదలచుకున్నాను.

లూప్ అంటే ఏమిటి?

చిన్నాయన పెట్టెని శాంప్లర్ అంటారు. కీబోర్డు తనలోని శబ్దాన్నే పలుకుతుంది. శాంప్లర్ అట్లా కాదు. బయట నుంచి మనం ఏ శబ్దాన్ని ఇస్తే దాన్ని దాచుకొని పలుకుతుంది. మైకు శబ్దాన్ని కరెంటుగా మారుస్తుంది. పెట్టె ఆ కరెంటుని సెకనుకి వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీలకి వాడే లెక్క సెకనుకి 44,100 సార్లు. పుల్లతో పలక మీద కొట్టినప్పుడు ఆ అంకెలన్నీ మళ్ళీ శబ్దంగా మారి బయటికి వస్తాయి.

దాచుకున్న ముక్క చివరికి చేరగానే మళ్ళీ మొదటికి వెళ్ళేటట్టు పెడితే అది లూప్ అవుతుంది. ఇందులో లెక్క తప్పకూడదు. నిమిషానికి 100 దెబ్బల వేగంలో 8 దెబ్బల దరువు కావాలంటే ముక్క సరిగ్గా 4.8 సెకన్లు ఉండాలి. కొంచెం ఎక్కువైతే ప్రతి చుట్టులోనూ దరువు కుంటుతుంది. కోసిన చోటు సరిగ్గా కుదరకపోతే ‘టక్’మని చప్పుడు వస్తుంది. ఈ కోత కోసం చిన్నాయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకొని రాత్రి రెండు గంటల దాకా కూర్చోవడం నేను చూసినాను. మీట నొక్కితే పాట వస్తుంది, ఇందులో పనేముంది అనేవాళ్ళు ఆ కూర్చోవడం చూడలేదు.

చుట్టి రావడం పాత విద్యే

పెట్టె కొత్తదే కానీ చుట్టి రావడం కొత్త కాదు. మన సంగీతంలో తాళం ఒకసారి పూర్తి కావడాన్ని ఆవర్తనం అంటారు. ఆదితాళంలో 8 అక్షరాలు అయినాక మళ్ళీ మొదటి దెబ్బకే వస్తాం. కోలాటంలో, భజనలో, నాట్లు వేసేటప్పుడు పాడే పాటల్లో కూడా ఇదే పద్ధతి. అయితే మనిషి చుట్టి వచ్చినప్పుడు రెండో చుట్టు మొదటి చుట్టులాగే ఉండదు. చెయ్యి అలిసినా, ఉత్సాహం వచ్చినా, ఎదుట ఆడేవాళ్ళు వేగం పెంచినా దరువు మారుతుంది. యంత్రం వేసే చుట్టు వెయ్యిసార్లయినా ఒకేలా ఉంటుంది. యంత్రానికి ఉన్న బలమూ, లోపమూ రెండూ ఇవే.

గాడి నుంచి టేపుకి

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటని రికార్డు చేశారు. అప్పట్లో శబ్దాన్ని దాచడమే వింత, దాంతో ఆడుకోవడం ఎవరికీ తట్టలేదు.

ఆ పని 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియెర్ షాఫర్ చేశాడు. గ్రామఫోను రికార్డు మీద గాడి సుడిలాగా లోపలికి పోతుంది. ఆయన ఆ గాడిని గుండ్రంగా మూసేశాడు. ముల్లు ముందుకి పోలేక అక్కడే తిరుగుతూ అదే శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించింది. ఆయన మొదట తీసుకున్న శబ్దాలు రైలువి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణ భారతదేశపు మొదటి రైలు 1856లో నడిచింది మన తిరువళ్ళూరు మీదుగానే. పట్టాల మీద చక్రాల చప్పుడుకి చేత్తో తాళం వేయని పిల్లవాడు మావైపు ఉండడు. షాఫర్ చేసింది కూడా దాదాపు అదే.

తరవాత టేపు వచ్చింది. టేపు ముక్క కోసి రెండు కొసలూ అంటిస్తే ఉంగరంలాగా అవుతుంది. ఇంగ్లీషులో లూప్ అనే పేరు ఆ ఉంగరానిదే. 1966లో బీటిల్స్ బృందం తమ ఒక పాటలో ఇట్లాంటి టేపు ఉంగరాలని ఒకేసారి తిప్పి రికార్డు చేసింది. అదే పాటలో మన తంబురా శ్రుతి కూడా ఉంది. ఇంగ్లండులో 1963లో వచ్చిన మెలోట్రాన్ అనే వాద్యంలో ఒక్కొక్క మెట్టు కింద ఒక్కొక్క టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కి పెడితే సుమారు 8 సెకన్లు మోగి ఆగిపోయేది. అది బరువైనది, ఊరూరా మోసుకెళ్ళడం కష్టం.

స్టేజీ మీద జనం ఎదురుగా లూప్ చేసిన ముఖ్యమైన మనిషి న్యూయార్కులో కనిపిస్తాడు. జమైకా నుంచి వచ్చిన కూల్ హర్క్ అనే కుర్రవాడు 1973 ఆగస్టు 11న తన చెల్లెలి పార్టీలో రికార్డులు వేశాడు. పాటలో ఒట్టి డ్రమ్ములు మోగే చిన్న భాగం రాగానే జనం ఎగిరి ఆడడం అతను గమనించాడు. అదే రికార్డు రెండు ప్రతులు రెండు యంత్రాల మీద పెట్టి, ఒకదాంట్లో ఆ భాగం అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టేవాడు. అట్లా కొన్ని సెకన్ల దరువుని నిమిషాల పాటు సాగదీశాడు. హిప్‌హాప్ సంగీతం అక్కడి నుంచే పుట్టిందంటారు.

టేపు నుంచి అంకెలకి

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు ఫెయిర్‌లైట్ అనే కంప్యూటర్ వాద్యాన్ని తెచ్చారు. శబ్దాన్ని అంకెలుగా దాచి మెట్ల మీద వాయించడం దానితో సాధ్యమైంది. అయితే ధర చూస్తే ఒక ఇల్లు కొనుక్కోవచ్చు. 1981లో అమెరికాలో ఎమ్యులేటర్ అంతకంటే తక్కువకి వచ్చింది. 1983లో మిడి అనే ఒప్పందం కుదిరి, ఒక కంపెనీ వాద్యం ఇంకొక కంపెనీ వాద్యంతో మాట్లాడడం మొదలైంది.

పుల్లతో కొట్టే పలకల పెట్టె జపాన్ నుంచి వచ్చింది. రోలాండ్ కంపెనీ 1985లో ఆక్టోప్యాడ్ తెచ్చింది. దాని మీద 8 పలకలు. దానికి సొంత గొంతు లేదు, వేరే యంత్రానికి ఆజ్ఞ పంపడమే దాని పని. అయినా ఆ పేరు మనవైపు ఎంతగా నిలిచిపోయిందంటే, ఈ రోజుకీ ఏ కంపెనీ పెట్టెనైనా జనం ఆక్టోప్యాడ్ అనే అంటారు. 1988లో రోజర్ లిన్ రూపొందించిన అకాయ్ ఎంపీసీ-60 వచ్చింది. దానికి 16 పలకలు. కొన్నప్పుడు అందులో దాచుకోగలిగిన శబ్దం మొత్తం 13 సెకన్లు మాత్రమే! ఆ 13 సెకన్లతోనే ఎందరో పూర్తి పాటలు కట్టారు. 2003లో ఎస్‌పీడీ-ఎస్, 2011లో ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వచ్చాయి. పలకలూ, శాంప్లరూ ఒకే పెట్టెలో ఇమిడిపోయాయి. సెకన్ల లెక్క గంటల లెక్క అయింది. మోటారు సైకిలు వెనకాల కట్టుకొని జాతరకి పోయేంత తేలిక కూడా అయింది.

మద్రాసు కథ, మన జిల్లా కథ

ఇప్పుడు మనవైపు వద్దాం. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. గీతలు మారినా మా కచేరీలలో తెలుగు పాటకి ఒక చీటీ, తమిళ పాటకి ఒక చీటీ వస్తూనే ఉంటాయి.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. 2020లో ఆయన్ని సమాధి చేసిన తామరైపాక్కం కూడా మన జిల్లాలోనిదే. 1966లో సినిమాల్లో మొదటి పాట పాడిన ఆయన మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ బృందం నడిపేవారు. అందులో ఇళయరాజా గారు గిటారు, తరవాత హార్మోనియం వాయించేవారు. ఆయన అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటారు వాయించేవారు. అప్పుడు లూప్ లేదు. పాటలో ఎంత తాళం కావాలో అంతా ఒక మనిషి చేతుల్లో నుంచే రావాలి.

సినిమా పాటల రికార్డింగు కూడా అంతే. మద్రాసు స్టూడియోల్లో పదుల మంది వాద్యకారులు ఒకేసారి కూర్చొని వాయించేవారు. ఒకరు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి. 1980లలో సింథసైజర్లు, సీక్వెన్సర్లు ఆ గదుల్లోకి వచ్చాయి. తెలుగులో రాజ్-కోటి జంట పాటల్లో ఆ శబ్దాలు బాగా వినిపించాయి. వాళ్ళ దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాళ్ళలో ఒకరు ఎ.ఆర్. రెహమాన్ గారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, ఆ ఇల్లు తండ్రి వాద్యాలని అద్దెకిచ్చి గడిచింది. 1992లో వచ్చిన ‘రోజా’ తరవాత పొరలు పొరలుగా కట్టిన దరువులు జనానికి అలవాటయ్యాయి.

ఇక్కడే జాతర స్టేజీకి చిక్కు వచ్చింది. రికార్డులో ఇరవై తాళవాద్యాలు వినిపిస్తే, ఊళ్ళో జనం స్టేజీ మీద కూడా అదే వినాలనుకుంటారు. చందా ఎత్తి పిలిచిన ఊరు ఇరవై మందికి డబ్బులు ఇవ్వలేదు. అందువల్ల ఒక మనిషి, ఒక పెట్టె. “నేను పెట్టె కొన్నది మోజుతో కాదురా, లేకపోతే నన్ను ఎవరూ పిలవరు” అని చిన్నాయన నాతో చెప్పినాడు.

మా ఇంట్లో జరిగింది

పంబ అంటే రెండు డోళ్ళ జత. ఒకటి చెక్కది, ఒకటి లోహపుది. రెండింటినీ కలిపి నడుముకి కట్టుకొని వాయిస్తారు. మా తాత నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాడు. నాలుగేళ్ళ కిందట ఆయనకి భుజం నొప్పి వచ్చింది. “చెయ్యి పడిపోకముందే దాచుకుందాం నాయనా” అని చిన్నాయన మైకు తెచ్చి, ఇంటి ముందు వేపచెట్టు కింద తాతని కూర్చోబెట్టి పన్నెండు దరువులు రికార్డు చేసినాడు. అందులో ఒక దరువు మధ్యలో కాకి అరిచింది. ఆ అరుపు సరిగ్గా ఒక దెబ్బ మీదే పడింది. దాన్ని తీస్తే దెబ్బ కూడా పోతుందని చిన్నాయన అట్లాగే ఉంచేసినాడు.

రెండేళ్ళ తరవాత తాత, నేను వేరే ఊళ్ళో చుట్టాలింటికి జాతరకి వెళ్ళినాం. ఆ ఊరు అంతకుముందు ఏటా తాత మేళాన్ని పిలిచేది. ఆ ఏడు పిలవలేదు. రాత్రి ఏదో ఆర్కెస్ట్రా వచ్చింది. అమ్మవారి పాట మొదలైంది. పెట్టెలోంచి పంబ మోగింది. ఐదు సెకన్లకి ఒకసారి ఆ పంబలో కాకి అరిచింది.

తాత నా చెయ్యి గట్టిగా పట్టుకొని, “ఒరేయ్, అది మన కాకి” అన్నాడు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. పాట అయ్యేదాకా వింటూ నిలబడి, తరవాత బస్టాండుకి నడిచినాడు.

ఇంటికి వచ్చినాక తెలిసింది. చిన్నాయన ఒక స్నేహితుడికి పెన్‌డ్రైవ్‌లో ఆ దరువులు ఇచ్చినాడు. అతను ఇంకొకరికి, అతను మరొకరికి. ఎవరూ దొంగతనం చేయాలనుకోలేదు, కానీ తాత వెనకాల ఉడుక్క వాయించేవాళ్ళతో కలిపి నలుగురికి ఆ రోజు కూలి లేదు. “నా చెయ్యే నా కూడు తీసేసింది కదరా” అని తాత అన్న మాట నేను మరచిపోలేను. చిన్నాయన తల వంచుకొని కూర్చున్నాడు.

ఆరు సెకన్ల దరువు

ఇది మా ఇంట్లోనే జరిగిందనుకున్నాను. ప్రపంచంలో అంతకంటే పెద్దదే జరిగింది. 1969లో విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం ‘ఆమెన్ బ్రదర్’ అనే పాట చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే ఆయన ఆరేడు సెకన్ల పాటు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. శాంప్లర్లు వచ్చాక ఆ ముక్క వేల పాటల్లోకి వెళ్ళింది. ఆయనకి దాని మీద ఒక్క పైసా రాలేదు. 2006లో ఇల్లు వాకిలి లేని స్థితిలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి ఆ బృందం నాయకుడికి 24,000 పౌండ్లు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ లేడు.

మన దేశం వాళ్ళకీ ఇట్లా జరిగింది. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పాటలో బప్పీ లహిరి గారి పాత హిందీ పాట ముక్కని పేరు చెప్పకుండా వాడారు. కేసు వేస్తే, ఆయన పేరు వేయకుండా ఆ రికార్డు అమ్మకూడదని మరుసటి ఏడు అక్కడి కోర్టు చెప్పింది.

మన చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టం పాట రాసినవాళ్ళకీ, కట్టినవాళ్ళకీ హక్కు ఇచ్చింది. 1994 సవరణ వాయించేవాళ్ళకి కూడా హక్కులు ఇచ్చింది. అవి 50 ఏళ్ళు ఉంటాయి. 2012 సవరణ ఇంకో మాట చేర్చింది. వాయించినవాడికి తానే వాయించానని గుర్తింపు పొందే హక్కు ఉంది. పంబ వాయించేవాళ్ళని ఆ చట్టం వేరు చేయలేదు. అయితే చట్టం పుస్తకంలో ఉన్నది వేపచెట్టు కిందికి రావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా!

పెట్టె చేయలేనిది

ఈ కథలో పెట్టెని దుర్మార్గుడిగా చూపించడం నాకు ఇష్టం లేదు. తాత దరువులు పన్నెండూ ఈ రోజు నిలిచి ఉన్నాయంటే ఆ పెట్టె వల్లనే. ఆయన గురువు వాయించినవి ఎక్కడా లేవు. బెంగళూరు జి. రాజ్ నారాయణ్ గారు 1970ల చివర ఎలక్ట్రానిక్ తంబురా చేసినప్పుడు కూడా కొందరు ముఖం చిట్లించి ఉంటారు. ఇప్పుడు పాట నేర్చుకునే పిల్లల ఇళ్ళల్లో అది మామూలు వస్తువు.

కానీ ఒక పని పెట్టె చేయలేదు. అమ్మవారి ముందు ఎవరికైనా పూనకం వస్తే తాత వాళ్ళ కాళ్ళనే చూస్తాడు. అడుగు వేగమైతే దరువు వేగం. అడుగు తడబడితే దరువు నెమ్మది. మనిషి పడిపోయేటట్టుంటే ఒక్కసారిగా తగ్గించి ఊపిరి తిప్పుకోనిస్తాడు. పెట్టెకి కళ్ళు లేవు. అది 4.8 సెకన్లకి ఒకసారి తిరిగి వస్తుందే తప్ప ఎదుటివాళ్ళ కోసం ఆగదు. ఈ మాట నాకు చెప్పింది తాత కాదు, చిన్నాయనే.

ముగింపు

పోయిన ఆడి నెలలో చిన్నాయన రెండు పనులు చేసినాడు. తన ఆర్కెస్ట్రాలో ఆ దరువు వాడే పాటకి ముందు మైకులో, “ఈ పంబ మా నాయనది” అని పేరు చెప్పి మొదలుపెడుతున్నాడు. ఆ రాత్రి వచ్చినదాంట్లో తాతకి ఒక వాటా పక్కన పెడుతున్నాడు. వాటా పెద్దది కాదు. మొదటిసారి ఇచ్చినప్పుడు తాత వద్దనలేదు, లెక్కపెట్టి నడుముకి దోపుకున్నాడు. దరువులు తీసుకున్న స్నేహితులకి కూడా చిన్నాయన ఫోను చేసినాడు. ఇద్దరు సరేనన్నారు, ఒకరు ఫోను ఎత్తలేదు.

మిత్రులారా, మన ఊళ్ళల్లో పంబ, డప్పు, ఉడుక్క వాయించేవాళ్ళు ఇంకా ఉన్నారు. సెల్‌ఫోనుతో వాళ్ళని రికార్డు చేయడం మనకి నిమిషం పని. చేయండి, కానీ ఫైలుకి పేరు పెట్టేటప్పుడు ‘పంబ 1’, ‘పంబ 2’ అని పెట్టకండి. వాయించినవాళ్ళ పేరు, ఊరు, తేదీ రాయండి. ఎవరికైనా ఇచ్చే ముందు వాళ్ళని అడగండి. దరువు ఎన్ని చేతులు మారినా పేరు దానితోపాటే పోవాలి. మా తాతకి సాక్ష్యంగా ఒక కాకి దొరికింది. అందరికీ దొరకదు.

ఆదివారాలు నేను తాత దగ్గర పంబ నేర్చుకుంటున్నాను. ఇప్పటికి మూడు దరువులు వచ్చినాయి. నాలుగోది కాకి అరిచిన దరువు. అది వాయించేటప్పుడు ఆ దెబ్బ దగ్గరికి రాగానే నాకు నవ్వొస్తుంది, చెయ్యి తప్పుతుంది. “మళ్ళీ మొదట్నించీ” అంటాడు తాత.